ఓటుకు తోడు

గురుబరపల్లి పక్కన మన ఊరు,
జూన్ 18

కోమలక్కకు,

నీ చెల్లెలు ప్రేమ రాస్తున్నాను. ఇంట్లో అందరం బాగున్నాం. అటక మీది నుంచి బ్రెయిలు పలక దింపించి, దుమ్ము దులిపి, ఎన్నో ఏళ్ల తర్వాత ఈ చుక్కలు పొడుస్తున్నాను. మణికట్టు లాగుతోంది. పోయిన ఏడాది వీధి కాలువలో పడి విరిగిన చెయ్యే కదా. అయినా ఫోన్లో చెప్పుకునే మాట కాదు. ఫోన్ మోగితే చాలు, మంజులమ్మ వదిన వచ్చి వాకిట్లో నిలబడుతుంది. నేను పెట్టేసేదాకా కదలదు. ఈ ఇంట్లో చుక్కలు చదవగలిగేది నేనొక్కదాన్నే. చిన్నప్పుడు బడి సెలవుల్లో నేను ఇంటికొస్తే, నా పక్కన కూర్చుని నాకొచ్చిందంతా నువ్వూ నేర్చుకున్నావు. అది నీ వేళ్లు మరిచిపోలేదని నమ్మి రాస్తున్నాను. పోస్టుమ్యాన్ గుర్రప్పకు నా చేత్తోనే ఇస్తాను. చూపులేనివాళ్ల ఉత్తరానికి స్టాంపు అక్కర్లేదు కాబట్టి వదినను ఏమీ అడగాల్సిన పని లేదు.

మన పంచాయతీ ప్రెసిడెంటు చనిపోయిన సంగతి నీకు తెలుసు. ఆ స్థానానికి జూలై 9న ఎన్నిక. ఇద్దరు నిలబడ్డారు. ఒకరు రామకృష్ణప్ప, బీగం గుర్తు. ఇంకొకరు డైరీలో పాలు కొలిచే మధుమిత, కత్తెర గుర్తు.

నిన్న రామకృష్ణప్ప మన ఇంటికొచ్చాడు. వాకిటి తిన్నె మీద కూర్చుని మజ్జిగ తాగాడు. "ఈ ఇంటి ఓట్లు యాడికీ పోవని నాకు తెలుసులే వీరప్పా" అన్నాడు. "యాడికి పోతాయప్పా" అన్నాడు అన్న. అన్న అలా కాక ఇంకెలా అంటాడు? మన మామిడితోటకు బండి పోవాలంటే ఆయన పొలం మీదుగానే పోవాలి. నీలం రకం కాయ ఇంకా చెట్ల మీదే ఉంది.

తర్వాత ఆయన అడిగాడు, "మరి ఈయమ్మ ఓటు?"

"దాని ఓటు ఎప్పుడూ నేనే కదప్పా ఏసేది" అన్నాడు అన్న.

నేను అక్కడే, గుమ్మం దగ్గరే ఉన్నాను అక్కా. ఇద్దరిలో ఒక్కరూ నా వైపు తిరిగి మాట్లాడలేదు. తిరిగితే గొంతు తెలుస్తుంది.

అన్న చెప్పింది అబద్ధం కాదు. ప్రతి ఎన్నికకూ నన్ను చెయ్యి పట్టుకుని తీసుకుపోతాడు. తోడుగా లోపలికొస్తాడు. ముద్ర పడిన చప్పుడో, మిషను కూతో వింటాను, అంతే. ఒకసారి "ఎవరికి ఏసినావన్నా?" అని అడిగితే "మనోళ్లకేలే" అన్నాడు. ఆ మనోళ్లెవరో నాకిప్పటికీ తెలియదు.

ఈసారి నా ఓటు నేనే వేయాలనుకుంటున్నాను. ఎలా వేయాలో, మాలాంటివాళ్లకు ఏ ఏర్పాట్లున్నాయో నువ్వు హోసూరులో ఎవరినైనా కనుక్కుని రాయి. బావకు కూడా చెప్పొద్దు.

నీ ప్రేమ

*

హోసూరు,
జూన్ 21

ముద్దుల చెల్లెలు ప్రేమకు,

నీ ఉత్తరం చదవడానికి నాకు ఒక పూట పట్టింది! మొదట వేళ్లకు ఏమీ అంటలేదు. తర్వాత ఒక్కొక్క అక్షరమే గుర్తొచ్చింది. పెట్టె అడుగున నీ పాత పలక ఒకటి దొరికింది, నా చుక్కలు తప్పితే నవ్వుకో.

ఇక్కడ అందరం బాగున్నాం. మీ బావకు అంగడిలో పని ఎక్కువ. వానలు మొదలైతే ఎరువులకు జనం ఎగబడతారు. బాగలూరు రోడ్డులో ఇల్లు కట్టుకున్నామని సంతోషించాం గాని, రోడ్డు దాటాలంటే ప్రాణం పోతోంది. ఒకవైపు ఫ్యాక్టరీ బస్సులు, ఒకవైపు రోజాపూల బండ్లు. మా అత్త మోకాళ్ల నొప్పులతో మంచం దిగడం లేదు.

నీ ప్రశ్నకు జవాబు మా ఇంట్లోనే ఉంది. పోయిన పార్లమెంటు ఎన్నికలో అత్త చేత ఇంట్లోనే ఓటు వేయించారు. ఆఫీసర్లు, పోలీసు, వీడియో తీసేవాడు, అందరూ పెట్టె పట్టుకుని మంచం దగ్గరికే వచ్చారు. చుట్టూ అట్ట అడ్డం పెట్టారు. అత్త ఆ రోజంతా కలెక్టరమ్మలాగా కూర్చుంది. ముసలివాళ్లకే కాదు, నీలాంటివాళ్లకూ ఆ వసతి ఉందని అప్పుడే చెప్పారు. నీకూ అదే చేయిద్దాం. అన్న తోడే అక్కర్లేదు!

సోమవారం కృష్ణగిరి కలెక్టరాఫీసులో అర్జీలు తీసుకుంటారు. నేనే పోయి నీ పేరుతో ఇస్తాను. నువ్వు ఏమీ చేయనక్కర్లేదు. వదిన దగ్గర మాత్రం జాగ్రత్త. ఫోన్ దగ్గర నిలబడి వినే మనిషి, విన్నది ఎక్కడ చేరవేస్తుందో! ఆమె పుట్టింటివాళ్లు రామకృష్ణప్పకు దూరపు చుట్టాలని మరిచిపోకు.

ధైర్యంగా ఉండు.

నీ అక్క, కోమల

*

మన ఊరు,
జూన్ 24

అక్కా,

నీ ఉత్తరం ఇప్పుడే అందింది. ఈ రోజే సోమవారం. నీకు వెంటనే ఫోన్ చేద్దామని లేచాను. వదిన వాకిట్లోకి వచ్చి నిలబడింది. మళ్లీ కూర్చున్నాను. అందుకే ఇది రాస్తున్నాను. ఆలస్యం కాకూడదని దేవుడికి మొక్కుకుంటున్నాను.

అర్జీ ఇవ్వొద్దు. దయచేసి ఇవ్వొద్దు.

మీ హోసూరులో బండి వచ్చి ఆగితే ఎవరింటికొచ్చిందో పక్కింటివాళ్లకు కూడా తెలియదు. ఇక్కడ సర్కారు జీపు ఊళ్లోకి మలుపు తిరిగేలోపే పిల్లలు వెంటబడతారు. ఇల్లంతా జనం నిండుతారు. ఈ పంచాయతీలో చూపు లేని ఓటరును నేనొక్కదాన్నే. నా కోసం ఏదైనా ప్రత్యేకంగా చేస్తే అందులో నేను తప్ప ఇంకెవరూ ఉండరు. అలాంటప్పుడు రహస్యం ఏముంది?

ఇంకొకటి. నీకు రాయాలా వద్దా అని ఆలోచించాను. మూడు నాలుగు రోజులుగా నేను పొద్దున కొళాయి దగ్గరికి పోయినప్పుడు ఎవరో వచ్చి నిలబడుతున్నారు. మాట్లాడరు. నేను బిందె పెడితే దగ్గరికి వస్తారు. బిందె ఎత్తితే పక్కకు తప్పుకుంటారు. మగమనిషి. చెప్పుల కింద కంకర నలిగిన చప్పుడును బట్టి తెలుస్తుంది. జర్దా వాసన వస్తుంది. "ఎవరప్పా?" అని అడిగాను. జవాబు లేదు. ఊళ్లో నన్ను చూసి పలకరించకుండా పోయేవాళ్లు లేరు అక్కా. "ప్రేమా, నేనమ్మా" అని పేరు చెప్పి మరీ పోతారు. పేరు చెప్పకుండా నిలబడ్డాడంటే, నిలబడ్డానని నాకు తెలియాలనే.

నేను ఎవరితోనూ ఏమీ అనలేదు. మరి ఎందుకు?

వెంటనే జవాబు రాయి.

ప్రేమ

*

హోసూరు,
జూన్ 25

ప్రేమకు,

నిన్న కృష్ణగిరి పోయి వచ్చాను. పని సగం అయింది, సగం కాలేదు.

ఇంటి దగ్గర ఓటు అనేది పంచాయతీ ఎన్నికలకు లేదట. అక్కడ కిటికీలో కూర్చున్నాయన చెప్పాడు. పార్లమెంటుకు, అసెంబ్లీకి ఒక కమిషను, పంచాయతీలకు వేరే కమిషనట. ఆ వసతి వీటికి ఇంకా రాలేదట. "ఇల్లు అదే, కళ్లు అవే, ఓటరు అదే మనిషి కదా సార్?" అని అడిగాను. ఆయన నవ్వి "రూలు వేరేమ్మా" అన్నాడు. నాకు ఒళ్లు మండింది.

అయితే ఒక మంచి మాట తెలిసింది. తోడుగా ఎవరు రావాలో చెప్పే హక్కు నీదే. అన్నే రావాలని ఎక్కడా లేదు. పెద్దవాళ్లెవరైనా చాలు. ఆ వచ్చినవాళ్లు నీ ఓటు ఎవరికీ చెప్పబోమని సంతకం పెట్టాలి. బూత్ దగ్గర మెట్లుంటే వాలుబల్ల వేయాలి. క్యూలో నిలబెట్టకూడదు. ఇదంతా మీ బూత్‌లో జరగాలని నీ పేరు, ఊరు రాయించి అర్జీ ఇచ్చి ముద్ర వేయించుకుని వచ్చాను. ఎవరినైనా పంపి బూత్ పరిశీలిస్తామన్నారు.

వచ్చేటప్పుడు బస్సులో కూర్చుంటే ఎంత తృప్తిగా ఉందో చెప్పలేను. నీకోసం ఇన్నేళ్లకు ఒక పని చేశాను అనిపించింది.

కోమల

*

మన ఊరు,
జూన్ 29

కోమలక్కకు,

నువ్వు పంపిన మనుషులు వచ్చి పోయారు.

మొన్న పొద్దున జీపు వచ్చింది. బడి దగ్గర ఆగి, మెట్లు చూసి, అక్కడి నుంచి మన వీధికి వచ్చింది. వాళ్లలో ఒకాయన వీధి మధ్యలో నిలబడి గట్టిగా అడిగాడు, "అర్జీ పెట్టిన చూపులేని ఓటరు ఏ ఇల్లు?" పది గొంతులు ఒకేసారి మన ఇల్లు చూపించాయి. ఆయన మంచివాడే. నన్ను "అమ్మా" అని పిలిచాడు. "మీకు ఎవరైనా ఇబ్బంది పెడుతున్నారా? తోడుగా వేరే మనిషి కావాలని అడిగారట కదా?" అన్నాడు. అన్న నా పక్కనే నిలబడి ఉన్నాడు. వీధంతా గుమ్మం దగ్గరే ఉంది. నేనేం చెప్పాలి? "ఇబ్బందేమీ లేదు సార్" అన్నాను.

జీపు పోయాక అన్న ఒక్క మాటే అడిగాడు. "నా చెయ్యి మీద నీకు నమ్మకం లేదా ప్రేమా?" అంతే, అప్పటి నుంచి నాతో మాట్లాడడం లేదు.

సాయంత్రం రామకృష్ణప్ప వచ్చాడు. ఈసారి నా దగ్గరికే వచ్చి కూర్చున్నాడు. మెల్లగా, తీయగా మాట్లాడాడు. "ఏమ్మా, కలెక్టరు దాకా పోయినావంట. నాకొక మాట చెప్పింటే నేనే చేయించి ఉందును కదా. నీకేం కావాలన్నా మనూళ్లోనే దొరుకుతాది. బయటోళ్లు ఈ పొద్దు వస్తారు, రేపు పోతారు. నువ్వు ఈడనే ఉండాల." అన్నీ మంచి మాటలే. ఒక్క మాటలో కూడా తప్పు పట్టలేను.

మరుసటి రోజు పొద్దున అన్న తోటకు పోయి వెంటనే తిరిగొచ్చాడు. దారికి అడ్డంగా ముళ్లకంప వేశారు. అడిగితే, పొలంలో కొత్తగా విత్తనం వేస్తున్నామనీ, ఎన్నికలయ్యాక చూద్దామనీ రామకృష్ణప్ప అక్క కొడుకు అజిత్ చెప్పాడట. కాయ పండుబారుతోంది. కోసి బుట్టల్లో నెత్తిన మోసుకొస్తే ఎంత తేగలరు? మిగిలింది రాలి కుళ్లిపోతుంది.

నా ఫోన్ ఇప్పుడు అన్న దగ్గరే ఉంది.

నువ్వు మంచికే చేశావని నాకు తెలుసు. నా చుట్టూ ఉన్నవాళ్లంతా నాకు మంచే చేస్తున్నారు అక్కా. నన్ను అడగకుండా చేస్తున్నారు.

ప్రేమ

*

హోసూరు,
జూలై 2

నా చిట్టితల్లి ప్రేమకు,

నీ రెండు ఉత్తరాలూ ఒకదాని వెంట ఒకటి అందాయి. ముందు రాసింది చదివి ఏడ్చాను. రెండోది చదివి వణికిపోయాను. ఆ కొళాయి దగ్గరి మనిషి సంగతి నాకు ముందే తెలిసుంటే కృష్ణగిరి బస్సెక్కేదాన్నే కాదు.

అన్న నిన్ను కొడుతున్నాడా? నిజం చెప్పు. ఫోన్ లాక్కున్నాడంటే, మాట్లాడడం లేదంటే నాకు వేరే అర్థం కనిపించడం లేదు. నీకు ఫోన్ చేస్తే వదిన ఎత్తి, "ప్రేమ బాగుంది, ఇప్పుడు మాట్లాడొద్దు" అని పెట్టేసింది. బాగుంటే ఎందుకు మాట్లాడనివ్వదు? నువ్వు నాకు రాసే సంగతి కనిపెట్టి వాళ్లకు చేరవేసింది ఆమే. నేను ఒట్టేసి చెబుతాను.

మీ బావకు అంతా చెప్పేశాను, క్షమించు. పోలీసులతో వచ్చి నిన్ను తీసుకొస్తానంటే ఆయన వద్దన్నాడు. "నువ్వొకసారి పోయినందుకే కంప పడింది. పోలీసుతో పోతే ఇంకేం పడుతుందో" అన్నాడు. రాత్రీ పగలూ అదే మాట చెవుల్లో తిరుగుతోంది.

ప్రేమా, ఓటు వద్దు. ఆ రోజు కడుపునొప్పి అని పడుకో. లేదంటే అన్ననే వేయనీ. ఎప్పుడూ వేస్తున్నాడు కదా, ఇంకొక్కసారి వేస్తే ఏం పోతుంది? నాకు నువ్వు ముఖ్యం. కొళాయి దగ్గరికి ఒంటరిగా పోవద్దు. ఈ ఉత్తరం అందగానే రెండు చుక్కలు పొడిచి అయినా పంపు.

దిగులుతో,
కోమల

*

మన ఊరు,
జూలై 5

అక్కా,

భయపడకు. అన్న నన్ను కొట్టలేదు. చిన్నప్పటి నుంచీ నా మీద చెయ్యెత్తని మనిషి. ఫోన్ ఎందుకు తీసుకున్నాడో నిన్న తెలిసింది. నాకు ఎవరో ఫోన్ చేసి బెదిరిస్తారని తీసుకున్నాడు. అప్పటికే ఒకసారి చేశారట. అది నా చెవిన పడకూడదని అలా చేశాడు. పొద్దున పెరట్లో మొహం కడుక్కుంటూ ఏడ్చాడు. నీళ్ల చప్పుడులో కలిసిపోతుందనుకున్నాడు పాపం.

వదిన సంగతి కూడా మనం తప్పుగానే అనుకున్నాం.

నిన్న నేను కొళాయి దగ్గరికి పోయాను. నువ్వు వద్దన్నావని తెలుసు, కానీ ఒకసారి మానేస్తే ఇక ఇల్లు దాటలేనని నాకు భయం. ఆ మనిషి వచ్చాడు. ఈసారి నా భుజానికి ఊపిరి తగిలేంత దగ్గరగా నిలబడ్డాడు. బిందె నిండి నీళ్లు పొర్లుతున్నాయి. అంతలో వెనక నుంచి వదిన గొంతు. అలాంటి గొంతు ఆమెకు ఉందని నాకు తెలియదు.

"ఏమప్పా అజిత్, ఈడేం పని నీకు? మీ ఇంట్లో కొళాయి లేదా?"

"ఊరికే నిలబడినానక్కా" అన్నాడు వాడు.

"ఊరికే నిలబడేకి ఇదేమన్నా బస్‌స్టాండా? ఇంగొక తూరి ఆమె పక్కన కనపడినావంటే, నీళ్లు కాదు, కుడితి పోస్తా నెత్తిన. పో!"

వాడు పోయాక ఆమె నా చెయ్యి పట్టుకుంది. దారిలో చెప్పింది. ఎన్నిక ప్రకటించినప్పటి నుంచీ మన తిన్నె మీదికి అజిత్ వచ్చి కూర్చుంటున్నాడట. ఇంటికి ఎవరు వస్తున్నారు, ఏం మాట్లాడుతున్నారు అని కనిపెట్టడానికి. ఫోన్ మోగినప్పుడల్లా ఆమె వాకిలికి అడ్డంగా నిలబడేది నా మాట బయటికి పోకుండా! నాతో ఆ మాట ఎందుకు చెప్పలేదంటే, "చెప్తే నువ్వు భయపడతావని" అంది. మనింట్లో అందరం ఒకరికొకరం భయం దాచిపెట్టుకుని తిరుగుతున్నాం.

"వదినా, నువ్వు నాకు తోడుగా వస్తావా?" అని అడగబోయాను. ఆమే ముందు అంది. "ప్రేమా, నన్ను మాత్రం ఏమీ అడగొద్దు. మీ అన్నకు ఎదురుపోలేను." సరేనన్నాను.

ఓటు వద్దని రాశావు. ఇంకొక్కసారి అన్న వేస్తే ఏం పోతుందని అడిగావు. కాలువ తవ్వినప్పుడు రామకృష్ణప్ప ఇంటి దాకా బండలు పరిచి, మన వీధిలో తెరిచి వదిలేశారు. నేను పడ్డాక అన్న పోయి అడిగితే ఆయన ఏమన్నాడో నీకు చెప్పలేదు. "ఆయమ్మకు బయటేం పని?" అన్నాడట. బయట నాకేం పని ఉందో నేను చెప్పగలిగే రోజు ఇదొక్కటే. ఏం చేస్తానో నాకే తెలియదు.

ప్రేమ

*

మన ఊరు,
జూలై 10

అక్కకు,

ఓటు వేశాను. అన్నీ వరసగా రాస్తాను. నిదానంగా చదువు.

పొద్దున్నే అన్న చొక్కా తొడుక్కుని వచ్చి నా చెయ్యి పట్టుకున్నాడు. ఇన్ని రోజుల తర్వాత ఆయన అన్న మొదటి మాట, "పోదామా?" వదిన వెనకే వచ్చింది. వీధిలో ఎప్పుడూ పలకరించేవాళ్లు ఆ రోజు పలకరించలేదు. మేము దాటిపోయాక మాత్రం వెనక గుసగుస వినిపించింది.

బడి దగ్గర మెట్ల పక్కన చెక్కలతో వాలుబల్ల వేశారు. నీ అర్జీ వల్లే. నేను దాని మీద నడిచి ఎక్కాను. నాకంటే అది వరదప్పకు పనికొచ్చింది. ఆయన చక్రాల బండి చెక్క మీద గడగడమని ఎక్కడం విన్నాను. ప్రతిసారీ ఇద్దరు ఆయన్ను మూటలాగా ఎత్తుకుపోయేవాళ్లు. పైకి చేరాక "నేనే ఎక్కినా! నేనే ఎక్కినా!" అని అందరికీ వినబడేలా అన్నాడు. నీ మీద నాకున్న కోపం అక్కడే పోయింది.

లోపల అధికారి పేరు అడిగాడు, సర్కారు మనుషులంతా మాట్లాడే తమిళంలోనే. వేలికి సిరా పెట్టారు. "తోడు ఎవరమ్మా?" అన్నాడు. అన్న "నేనే సార్, అన్నను" అన్నాడు. బల్ల అవతల నుంచి అజిత్ గొంతు వచ్చింది. వాడు రామకృష్ణప్ప ఏజెంటుగా కూర్చున్నాడు. "అవును సార్, ఎప్పుడూ ఆయనే" అన్నాడు.

సరే అనేద్దామనుకున్నాను. నిజం చెబుతున్నాను అక్కా, నోట్లో ఆ మాటే ఉంది. కానీ అధికారి "ఆమెను చెప్పనీ" అన్నాడు.

"మా వదిన వస్తాది సార్" అన్నాను.

నా చేతిలో ఉన్న అన్న చెయ్యి ఒక్క క్షణం బిగిసింది. తర్వాత వదిలేసింది. "సార్, అట్ల మార్చేకి లేదు" అని అజిత్ లేచాడు. కుర్చీ వెనక్కి జరిగిన చప్పుడు. "ఎవరు రావాలో చెప్పాల్సింది ఆమె. నువ్వు కాదు. కూర్చో" అన్నాడు అధికారి. వదిన చేత సంతకం పెట్టించుకున్నాడు. దాని మీద ఉన్నది చదివి వినిపించాడు కూడా, ఈ ఓటు ఎవరికీ చెప్పకూడదని.

అట్ట చాటుకు పోయాక వదిన నా చెవిలో "నన్నెందుకు పిలిచినావే? నన్ను అడగొద్దంటిని కదా. నాకు కాళ్లాడలేదు" అంది.

"నాకూ ఆడలేదు వదినా."

"సరే, బిర్నా చెప్పు, తొందరగా. యాడ?"

చెప్పాను. ఆమె ఊపిరి కూడా మారలేదు. కాగితం మీద రెండు పేర్లూ మెల్లగా చదివి వినిపించింది. ముద్ర తీసి నా చేతిలో పెట్టింది. నా ఎడమచేతి వేలు పట్టుకుని ఒక చోట ఆనించి "ఇది" అంది. నేనే అక్కడ ముద్ర గుద్దాను. నేనే మడిచాను. పెట్టె సందు తడిమి నేనే వేశాను.

ఆమె వేలు పెట్టించిన చోటు నేను చెప్పిన చోటేనా? నాకు తెలియదు. తెలుసుకునే దారి కూడా లేదు. చూపున్నవాళ్లకు ఆ చాటులో ఎవరినీ నమ్మాల్సిన పని లేదు. నాకు ఉంది. కానీ ఎవరిని నమ్మాలో ఈసారి నేను చెప్పాను.

ఇంటికొచ్చాక అసలు భయం మొదలైంది. అన్న తలుపు వేసి వదినను అడిగాడు.

"యాడ ఏసింది?"

"చెప్పకూడదని సంతకం పెట్టినా" అంది వదిన.

"మొగునికి గూడా చెప్పవా?"

"చెప్పను."

ఏదో విసిరేస్తాడేమోనని నేను గోడకు ఆనుకుని నిలబడ్డాను. చివరికి నవారు మంచం కిర్రుమంది. కూర్చున్నాడన్నమాట.

"మంచిదే. చెప్పొద్దు. నాకు తెలిస్తే రామకృష్ణప్ప మొగం చూసి అబద్ధం చెప్పేకి నాతో కాదు. తెలీకుంటేనే మేలు" అన్నాడు. తర్వాత నాతో, "అన్నం తిన్నావా?" అన్నాడు.

లెక్కింపు 12న. అప్పటిదాకా కంప అలాగే ఉంటుంది. గడప దగ్గర చెప్పుల చప్పుడు వినిపిస్తే ముగ్గురం ఒకేసారి మాట ఆపేస్తున్నాం.

ప్రేమ

*

హోసూరు,
జూలై 14

చెల్లెలికి,

నీ ఉత్తరం, ఫలితం, రెండూ ఒకే రోజు తెలిశాయి. రామకృష్ణప్పే గెలిచాడని మీ బావ అంగడికి వచ్చిన మీ పక్క ఊరాయన చెప్పాడట. చాలా కొద్దిలో గెలిచాడటగా! నాకు ఒకటే బాధ. అంత భయపడి, అంత సాహసం చేసి నువ్వు వేసిన ఓటు వృథా అయిపోయిందే అని. మధుమిత గెలిచి ఉంటే మీ వీధి కాలువకు బండలైనా పడేవి. నువ్వు ఆ పిల్లకు ఓటేశావని ఎవరికైనా అనుమానం వచ్చిందా? తక్కువ తేడాతో గెలిచినవాడు ఊరికే ఉండడు. ఎవరు వేయలేదో ఒక్కొక్కరినీ వెతుకుతాడు. కంప తీశారా? కాయ ఏమైంది?

వదినను అన్నేసి మాటలన్నాను. నా తరఫున ఆమెతో ఏదైనా మంచి మాట చెప్పు. నాకు ఫోన్లో చెప్పడానికి మొహం చెల్లడం లేదు.

భయంగా ఉంది ప్రేమా. కొన్నాళ్లు మా దగ్గరికి వచ్చెయ్.

కోమల

*

మన ఊరు,
జూలై 17

కోమలక్కకు,

మొన్న రామకృష్ణప్ప ఊరేగింపుగా మన వీధికి వచ్చాడు. తప్పెట్లు మన వాకిట్లో ఆగాయి. వదిన నా వెనక నిలబడి నా కొంగు చివర గుప్పిట్లో పట్టుకుంది. ఆయన లోపలికి వచ్చి అన్నను కౌగిలించుకున్నాడు.

"మీ ఇంటి ఓట్లన్నీ నాకే పడినాయి వీరప్పా. నాకు తెలుసు. ఒక్కటి గూడా తప్పిపోలా" అన్నాడు.

"మాకేం తెలుసప్పా" అన్నాడు అన్న. గొంతులో వణుకు లేదు. నిజమే చెబుతున్నాడు కదా.

ఆ సాయంత్రమే కంప తీసేశారు. సగం కాయ రాలిపోయింది. మిగిలింది నిన్న లారీకి ఎక్కించాం. అజిత్ ఇప్పుడు తిన్నె మీదికి రావడం లేదు. మళ్లీ రాడని నేను చెప్పలేను. ఆయనకు నిజంగా తెలుసా, తెలిసినట్టు అన్నాడా, పరీక్షించడానికి అన్నాడా, అది కూడా నాకు తెలియదు. కొళాయి దగ్గర ఇంకా చెవులు రిక్కించే నీళ్లు పట్టుకుంటున్నాను. ఆ భయం అంత తొందరగా పోయేది కాదు. నేను హోసూరు రాను. నా భయం నాతోనే వస్తుంది, ఇక్కడి కొళాయి మాత్రం వేరేవాళ్లది అయిపోతుంది.

వదినకు నీ మాట చెప్పాను. "కోమలకు చెప్పు, ఈ తూరి వచ్చేటప్పుడు బాగలూరు రోజాలు తెమ్మని" అంది. కోపం లేదు.

ఇక నీ ఉత్తరంలో ఒక మాట. మధుమితకు వేసిన ఓటు వృథా అయిందని రాశావు. అన్నకు చెప్పలేదు. వదిన ఎవరికీ చెప్పదు. నీకూ నేను ఎక్కడా రాయలేదు, కావాలంటే నా ఉత్తరాలన్నీ మళ్లీ తడిమి చూసుకో.

నేను మధుమితకు వేశానని నీకెవరు చెప్పారక్కా?

ప్రేమ